నక్కబావ తెచ్చిన వేన్నీళ్ళ కబురు

మనకి చలంటే రెండు నెలలు, ఒక రగ్గు. ఉత్తరాన దూరపు కొండల్లో అలా కాదు. అక్కడ చలికాలం వచ్చిందంటే మడుగు మొత్తం పైన పలకలా గట్టిపడిపోతుంది. మరి నీళ్ళు ఉండవా అంటే, ఉంటాయి. ఆ పలక కింద ఉంటాయి. ఆ నీళ్ళలో చేపలు కూడా ఉంటాయి. ఎలా బతుకుతాయో, తలుచుకుంటే ఎంత విచిత్రం!

అలాంటి ఒక మడుగులో ఎర్రకన్నయ్య అనే చేప ఉండేవాడు. చిన్నమూతి చేపల జాతి. ఇత్తడి రంగు ఒళ్ళు, దాని మీద నిలువు చారలు, కుంకుమ లాంటి కళ్ళు. మూతి చిన్నదే గానీ పౌరుషం మాత్రం పెద్దది. ఆ జాతిలో పిల్లల పెంపకం తండ్రిదే. వసంతంలో నీళ్ళు వెచ్చబడగానే మగచేప ఒడ్డు దగ్గరికి వచ్చి, తోకతో గులకరాళ్ళ మీద మట్టి ఊడ్చి, పళ్ళెమంత గూడు చేస్తాడు. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఇక ఆ తండ్రి తిండి తినడు, పక్కకి జరగడు. రెక్కలతో గుడ్లకి విసురుతూ అక్కడే ఉంటాడు. ఒక్క క్షణం కదిలాడా, చిల్లర చేపలు వచ్చి గుడ్లన్నీ మింగేస్తాయి.

కిందటేడు ఎర్రకన్నయ్య తొందరపడ్డాడు. రెండు రోజులు ఎండ కాసిందని గూడు కట్టేశాడు. తర్వాత మళ్ళీ చలి విరుచుకుపడింది. గుడ్లన్నీ తెల్లగా బూజు పట్టిపోయాయి. పోయాయని తెలిసి కూడా ఇంకో తొమ్మిది రోజులు విసురుతూనే ఉన్నాడు, పిచ్చితండ్రి.

ఈ ఏడు చలి మరీ దారుణం. మంచు మూరెడు మందాన పేరుకుంది. కొండవాలున పసుపుపూలు పూసే రోజులు వచ్చినా కరగలేదు. ఒడ్డున ఉన్న నల్లబండ ఒక్కటే ఎండకి వేడెక్కి, దాని చుట్టూ బారెడు మేర నీళ్ళు బయటపడ్డాయి.

ఆ బండ పక్కనే ఎర్రకన్నయ్య గూడు కట్టే చోటు. నక్కబావ వేట చోటు కూడా అదే. గుడ్లకి కాపలా ఉన్న చేప పారిపోదు గదా! మోకాలి లోతులో దిగి నోట కరుచుకోవడమే. ఏటా ఈ పాటికి నక్క పొట్ట నిండేది. ఈ ఏడు మంచు కరగక వేట ఆగిపోయింది. పాపం, పక్కటెముకలు పైకి తేలి, తోక ఒక్కటే మిగిలినట్టున్నాడు.

"చేప రాకపోతే మనమే రప్పించుకోవాలి" అనుకున్నాడు నక్కబావ. కొండ మీదికి పోయి నోటినిండా పసుపుపూలు తెంపుకొచ్చి, బండ పక్క నీళ్ళలో వదిలాడు.

పూలు తేలుతూ మంచు అంచు దాకా వెళ్ళాయి. అడుగున లోతులో ఉన్న ఎర్రకన్నయ్య వాటిని చూశాడు. చలికి ఒళ్ళు కొయ్యబారి ఉంది. మెల్లగా, ఎంతో మెల్లగా అంచు కిందికి వచ్చి ఆగాడు.

"ఎవరదీ?"

"నేనే తమ్ముడూ, నక్కబావని. ఇంకా పడుకునే ఉన్నావా? లోకమంతా పూలు పూస్తుంటే!"

"నీళ్ళు చల్లగానే ఉన్నాయే బావా?"

"నీకు అడుగున చల్లగా ఉంటుంది. ఈ బండ దగ్గర వేన్నీళ్ళే! తలంటు పోసుకోవచ్చు. పై మడుగులో మీవాళ్ళంతా గూళ్ళు కట్టేశారు, గుడ్లు కూడా పెట్టించేశారు. నువ్వు ఇలాగే ఆలోచిస్తూ కూర్చో, నీ చోటు ఇంకెవడో ఊడ్చేసుకుంటాడు."

ఆ మాట ఎర్రకన్నయ్యకి ముల్లులా గుచ్చుకుంది. కిందికి వెళ్తే అక్కడ భార్య బంగారి.

"ఏమయ్యా, ఏమంటున్నాడు? నాకా కడుపు బరువుగా ఉంది, ఎన్నాళ్ళని మొయ్యను?"

"వేన్నీళ్ళు అంటున్నాడే. నిజమైతే ఇవాళే వెళ్ళాలి. కాకపోతే..." కిందటేటి తెల్లటి గుడ్లు కళ్ళ ముందు కదిలాయి.

పక్కనే బురదలో తాబేలవ్వ చలికాలపు నిద్రలో ఉంది. ఆ మాటలకి ఒక కన్ను సగం తెరిచింది.

"ఏరా అబ్బాయ్, దానికింత గొడవేంటి? వేన్నీళ్ళని చెప్పినవాణ్ణే ముందు దిగమను." అనేసి కన్ను మూసుకుంది.

ఎర్రకన్నయ్య మళ్ళీ అంచు కిందికి వచ్చాడు.

"బావా, నీ మాట మీదే వస్తాను. ఒక్క సాయం చెయ్యి. నేను పైకి వచ్చేలోగా నా చోటు ఎవరూ ఊడ్చుకోకుండా, నువ్వు అక్కడ దిగి నిలబడు. ఒంట్లో సత్తువ లేదు, నాకు కాస్త ఆలస్యమవుతుంది."

నక్కబావకి నవ్వాగలేదు. చేప తనంత తానే నోటి దగ్గరికి వస్తానంటుంటే ఎవరికి చేదు? "దానికేం భాగ్యం తమ్ముడూ!" అని నాలుగు కాళ్ళతో నీళ్ళలోకి దూకాడు.

అంతే. ఊపిరి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"ఎలా ఉన్నాయి బావా?"

"వె... వెచ్చగా... హాయిగా..."

"అలాగే ఉండు, బయలుదేరుతున్నా."

కాసేపటికి మళ్ళీ, "బావా, దారిలో ఉన్నాను. నీళ్ళు చల్లబడలేదు కదా?"

"లే... లేదు... క... కాగుతున్నాయి..."

"ఆ టకటక చప్పుడేంటి బావా?"

"ప... పళ్ళు... నవ్వుతున్నాను!"

"నవ్వు బావా, నవ్వు. మంచి రోజులు వస్తున్నాయి. బంగారికి ఒక మాట చెప్పి వచ్చేస్తా."

నక్కకి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. బయటికి వద్దామంటే వేన్నీళ్ళని చెప్పిన నోరు అడ్డం వస్తోంది. చివరికి ఇక ఓర్చుకోలేక, "ఓరి నాయనో! చచ్చాను! కత్తులురా ఇవి, నీళ్ళు కావు!" అని కేకపెట్టి, ముందుకాళ్ళతో దేకుతూ ఒడ్డున పడ్డాడు. లేవలేకపోయాడు.

ఎర్రకన్నయ్య గెలిచాడు. కానీ ఆ ఎముకలగూడు ఒడ్డున వణుకుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"బావా, అక్కడ పడుకోకు. నల్లబండ మీదికి పాకు, ఎండ పడుతోంది. కాళ్ళు పొట్టకింద పెట్టుకో."

నక్కబావ అలాగే పాకాడు. పొద్దు వాలేదాకా ఆ బండని కరుచుకుని పడుకున్నాడు.

"వాడికెందుకయ్యా చెప్పావు?" అంది బంగారి కోపంగా.

"వాడూ చలికాలమంతా పస్తున్నవాడే కదే."

ఇరవై రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో మంచు పగిలింది. గాలికి ముక్కలన్నీ అవతలి గట్టుకి కొట్టుకుపోయాయి. ఎర్రకన్నయ్య అప్పుడు కూడా తొందరపడలేదు. ఇంకా పదిహేను రోజులు ఆగాడు. తాబేలవ్వ బురద విదిల్చుకుని లేచి, పైకి వెళ్ళి వచ్చి, "ఇప్పుడు" అన్నాక గూడు ఊడ్చాడు. బంగారి గుడ్లు పెట్టి, అవి తేనెరంగులో మెరుస్తుంటే ఒక్కసారి చూసుకుని, లోతులోకి వెళ్ళిపోయింది.

మూడోరోజు బండ మీద నీడ పడింది. నక్కబావ!

పారిపోతే ఎర్రకన్నయ్య బతుకుతాడు, గుడ్లు బతకవు. ఉంటే, నక్క నాలుగడుగులు నీళ్ళలో వేస్తే చాలు, అంతా అయిపోయినట్టే. రెక్కలు విసరడం ఆపలేదు. చేతిలో ఏ ఉపాయమూ లేదు. ఒక్క నిజం ఉంది. అదే చెప్పాడు.

"రా బావా. ఈసారి నీళ్ళు నిజంగానే వెచ్చగా ఉన్నాయి. దిగు."

నక్కబావ ఒక కాలు చాపాడు. నీటికి బెత్తెడు పైన ఆ కాలు ఆగింది. ఆ రోజు కత్తుల్లా గుచ్చిన నీళ్ళు గుర్తొచ్చాయి.

"వేన్నీళ్ళా?" అన్నాడు అనుమానంగా.

"తలంటు పోసుకోవచ్చు."

నక్క గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాడు. "నా మాట నాకే చెబుతావురా! అది చెప్పేటప్పుడు నా లోపలేముందో నాకు తెలియదూ?"

"నమ్మకపోతే నీ ఇష్టం బావా."

"నమ్మకపోవడమేం... ఇవాళ శనివారం. నాకు ఉపవాసం" అని తోక దులుపుకుని, కొండ మీద ఎలుకలు దొరుకుతాయేమో చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

బండ మీద ఎండ కాచుకుంటున్న తాబేలవ్వ, మెడ లోపలికి లాక్కుని చాలాసేపు నవ్వింది.

ఇంకో వారానికి ఆ గులకరాళ్ళ మధ్య నుంచి మిరియపు గింజల్లాంటి నల్లటి పిల్లలు, వందలకి వందలు, పొగలా పైకి లేచాయి. ఎర్రకన్నయ్య వాటి చుట్టూ తిరుగుతూ, పట్టలేని ఆనందంతో ఒక్కోదాన్నీ చూసుకున్నాడు. కిందటేడు విసిరిన ఆ తొమ్మిది రోజుల అలుపు అప్పుడు తీరింది.

పిల్లలూ, అబద్ధం ఆడినవాడికి చివరికి నిజం ఎదురుగా నిలబడినా, అందులో కాలు పెట్టే ధైర్యం ఉండదు.