తెలియదన్న ముంగిస

చిలకవాగు అడవిలో ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, కోతులు, ముంగిసలు, ఉడతలు, ఎలుకలు అన్నీ కలిసి బతికేవి. అడవి మధ్యలోంచి వాగు పారేది. వాగుకు ఇవతలి ఒడ్డున వారం వారం సంత జరిగేది. తేనె, ఇప్పపువ్వు, కుంకుడుకాయలు, రేగుపళ్ళు, ఏది కావాలన్నా అక్కడ దొరికేది.

ఆ అడవిలో ఒక విద్యాపీఠం కూడా ఉండేది. వ్యాపారం గురించి చదివి, పరిశోధన చేసినవారికి అక్కడ 'వాణిజ్య పండిత' అనే బిరుదు ఇచ్చేవారు. ఊరికే ఇచ్చేవారు కాదు. పరిశోధన మొదలుపెట్టే ముందే ఒక ప్రతిపాదన రాసి సభలో చదవాలి. నాకు తెలియనిది ఏమిటి, అది ఎందుకు తెలుసుకోవాలి, ఎలా తెలుసుకుంటాను అని అందులో చెప్పాలి. సభ ఒప్పుకుంటేనే పరిశోధన. ఒప్పుకోకపోతే మూట సర్దుకుని ఇంటికి పోవడమే.

వినడానికి ఎంత చక్కగా ఉందో చూశారా పిల్లలూ? జరిగేది మాత్రం వేరు. ప్రతిపాదన రాసిన తాటాకుకు గురువుగారి ఈక గుచ్చి ఉండాలి. ఈక లేని ఆకును సభ ముట్టుకోదు. ఆ గురువుగారు నెమలి మయూరాచార్యులు. ఆయన ఈక కావాలంటే శిష్యులు రోజూ ఆయన తోక దువ్వాలి, పుట్టలు తవ్వి చెదపురుగులు తేవాలి, ఆయన నాట్యం చేస్తుంటే పక్కన నిలబడి ఆహా ఓహో అనాలి. చదువు చెప్పే చోట ఇదేం పని అని ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు ప్రతిపాదన రాయవలసినవాళ్ళు ఇద్దరే. ఒకడు కపిలుడనే కోతి. ఇంకొకతె గోరింట అనే ముంగిస.

గోరింట తల్లి సంతలో ఎండు రేగుపళ్ళు అమ్మేది. కిందటి వానాకాలం నుంచి అవతలి ఒడ్డున ఉండే ఎలుకలు, ఉడతలు, కుందేళ్ళు సంతకు రావడం మానేశాయి. కొనేవాళ్ళు లేక తల్లి కొట్టు మూతపడింది.

"అవతలి ఒడ్డువాళ్ళు ఒట్టి సోమరిపోతులు. నాలుగు అడుగులు వేయడానికి కూడా బద్ధకం" అని సంతలో అందరూ అనేవారు. అన్నవాళ్ళే గాని, వెళ్ళి అడిగినవాళ్ళు లేరు.

గోరింట ఆచార్యుల దగ్గరికి వెళ్ళింది.

"గురువుగారూ, చిన్న జంతువులు సంతకు ఎందుకు రావడం లేదో తెలుసుకుంటానండి. నా ప్రతిపాదన అదే" అంది.

"ఎందుకేమిటి? సోమరితనం! ముందు ఆ ముగింపు రాసేసెయ్. తర్వాత దానికి సరిపోయే ప్రశ్న రాసుకో" అన్నాడు నెమలి, తోక సవరించుకుంటూ.

"జవాబు ముందే రాసేస్తే ఇంక వెతికేది ఏముందండీ?"

"బిరుదు ఉంది కదా! నా శిష్యులంతా ఇలాగే రాశారు. సంతలో నలుగురిని అడుగు. అవును, సోమరులే అంటారు. పని అయిపోతుంది."

"సంతకు వచ్చేవాళ్ళను అడిగితే రానివాళ్ళ సంగతి ఎలా తెలుస్తుందండీ? నేను వాగు దాటి వెళ్ళి రానివాళ్ళనే అడుగుతాను."

నెమలి మెడ నిక్కించాడు. "నిన్నగాక మొన్న వచ్చి నాకే పాఠం చెబుతావా? నాకు తెలియనిది ఈ అడవిలో ఏదీ లేదు. నీకు ఈక లేదు, ఏమీ లేదు. ఫో!"

గోరింట వాగు ఒడ్డున కూర్చుని ఏడ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. తన తల్లి బేరాలన్నీ అవతలి ఒడ్డువాళ్ళతోనే. వాళ్ళ మొహం కూడా చూడకుండా సోమరులని తాటాకు మీద రాయమంటే ఎవరికి మాత్రం కోపం రాదు?

అప్పుడే కపిలుడు కొమ్మ మీదనుంచి దిగాడు.

"ఎందుకే నీకీ గొడవ? నన్ను చూడు. సముద్రం పక్కనున్న అడవిలో చదివిన మా బాబాయి ప్రతిపాదన ఒకటి ఇంట్లో పడి ఉంది. దాని మీద నా పేరు వేసుకున్నాను. గురువుగారు చూడకుండానే ఈక గుచ్చేశారు" అన్నాడు.

"అందులో ప్రశ్న ఏమిటి?"

"ప్రశ్నా? ఏమో, నేనూ చూడలేదు. ఆకు మాత్రం బాగా పొడుగ్గా ఉంది."

గోరింట కొత్త తాటాకు తీసుకుని తన ప్రశ్నను తన మాటల్లోనే రాసుకుంది.

సభ రోజు వచ్చింది. పెద్ద ఏనుగు గజలక్ష్మమ్మ సభకు పెద్ద. నెమలి ఆమె పక్కనే పురి విప్పి కూర్చున్నాడు. కపిలుడు ముందుకు వచ్చి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"మన అడవి వ్యాపారం గురించి తెలుసుకోవడానికి నేను సముద్రపు ఒడ్డున చేపలు ఎండబెట్టేవారిని కలిసి..."

"ఆగు నాయనా" అంది గజలక్ష్మమ్మ. "మన అడవిలో సముద్రం ఎక్కడుంది?"

కపిలుడు ఆకు వంక చూశాడు. ఆకాశం వంక చూశాడు. చివరికి నెమలి వంక చూశాడు.

"అది గురువుగారికి తెలుసండి" అన్నాడు.

"సముద్రం అంటే... విశాలమైన అర్థంలో తీసుకోవాలి..." అని నెమలి నసిగాడు. సభలో దుప్పులు నోటికి ఆకులు అడ్డం పెట్టుకుని నవ్వాయి.

అప్పుడు గోరింట లేచి నిలబడింది.

"దానికి ఈక లేదు! కూర్చోమనండి!" అని నెమలి అరిచాడు.

"ఇందాకటి ఆకుకు ఈక ఉంది కదా ఆచార్యులవారూ. ఏం చదివి గుచ్చారు?" అంది గజలక్ష్మమ్మ. నెమలి తల పక్కకు తిప్పుకున్నాడు. "నువ్వు చదువమ్మా" అని ఆమె గోరింటకు చెప్పింది.

గోరింట చదివింది. అవతలి ఒడ్డువాళ్ళు సంతకు ఎందుకు రావడం లేదు అన్నది ప్రశ్న. వాళ్ళు రాక తన తల్లి కొట్టు మూతపడడం కారణం. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి అడగడం, వాళ్ళు వచ్చే దారిలో తానూ నడిచి చూడడం పద్ధతి.

"బాగుంది. మరి జవాబు ఏమిటి?" అంది గజలక్ష్మమ్మ.

"తెలియదండి."

సభ అంతా గొల్లున నవ్వింది. నెమలి అందరికన్నా గట్టిగా నవ్వాడు. గజలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇన్నేళ్ళుగా ఈ బండ మీద కూర్చుని ప్రతిపాదనలు వింటున్నాను. తెలియదు అన్న మాట ఈ సభలో ఇదే మొదటిసారి వినడం. అన్నీ తెలిసినవాళ్ళకు పరిశోధన దేనికి?" అంది. ఆమె గొంతులో కోపం విని నవ్వులు ఆగిపోయాయి. "ఒక్క మాట అడుగుతాను తల్లీ. తప్పు మీ అమ్మదే అని తేలితే ఏం చేస్తావు?"

"అదే రాస్తానండి" అంది గోరింట.

"వెళ్ళి రా. నీ ప్రతిపాదనకు సభ ఒప్పుకుంది."

"అన్యాయం! నా ఈకకు విలువే లేదా?" అని నెమలి లేచాడు.

"ఉంటుంది. ముందు మీరూ ఒక చిన్న ప్రతిపాదన చెప్పండి. పెద్దది అక్కర్లేదు. మీకు తెలియని సంగతి ఏదైనా ఒక్కటి చెప్పండి, చాలు. అది చెప్పాకే మళ్ళీ శిష్యులను తీసుకోండి" అంది గజలక్ష్మమ్మ.

నెమలి ముక్కు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. జీవితంలో తెలియదని ఎన్నడూ అనని ఆ నోటికి ఒక్క సంగతీ తట్టలేదు. విప్పిన పురి మెల్లగా ముడుచుకుపోయింది. సొంత ప్రశ్నతో మళ్ళీ రమ్మని కపిలుణ్ణి కూడా ఇంటికి పంపేశారు.

గోరింట తడుస్తూ, జారుతూ వాగు దాటింది. అవతలి ఒడ్డున ఒక ముసలి ఎలుక ఆమెను చూసి ఆశ్చర్యపోయింది.

"మమ్మల్ని అడగడానికి వచ్చావా బిడ్డా? కిందటి వానల్లో ఎగువన మేం వాగు దాటే దుంగ కొట్టుకుపోయింది కదా! మేం మూటలు ఎత్తుకుని ఎలా దాటాలి?" అంది.

అంతే, పిల్లలూ! ఒక్క దుంగ! ఏనుగులకూ దుప్పులకూ ఆ వాగు కాళ్ళు తడిసేంత లోతే. దుంగ ఉందో లేదో చూడవలసిన అవసరమే వాటికి లేదు. ఇవతలి ఒడ్డు చిన్న జంతువులకు వాగు దాటే పనే పడలేదు. అడగడానికి ఎవరూ వెళ్ళలేదు గాని, ఒక ఒడ్డు మొత్తాన్ని సోమరిపోతులనడానికి మాత్రం అందరికీ నోళ్ళు వచ్చాయి. సిగ్గుచేటు కాదూ?

ముసలి ఎలుక ఇంకో మాట కూడా చెప్పింది. "దుంగ ఉన్నప్పుడు కూడా మీ అమ్మ దొప్ప నిండా పళ్ళు పోసేది కాదమ్మా" అంది. గోరింటకు మొహం మాడిపోయింది. అయినా అదీ రాసింది. తల్లి కొన్నాళ్ళు కూతురితో మాట్లాడడం మానేసింది గాని, ఆ తర్వాత కొట్టు మళ్ళీ తెరిచి దొప్ప నిండా పోయడం మొదలుపెట్టింది.

గోరింట రాసింది సభలో విని ఏనుగులు తలలు వంచుకుని వెళ్ళి వాగు మీద పెద్ద మద్ది దుంగ వేశాయి. సంత మళ్ళీ కళకళలాడింది. గోరింట వాణిజ్య పండిత అయింది. తాటాకుకు ఈక గుచ్చే ఆచారం అంతటితో పోయింది.

తనకు తెలియనిది ఏమిటా అని మయూరాచార్యులు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు తోక తనే దువ్వుకుంటాడు.

నీతి: తెలియదని ఒప్పుకుని వెళ్ళి అడిగినవారికే నిజం దొరుకుతుంది, అడగకుండానే ఎదుటివారి మీద తీర్పు రాసేవారి చదువు వట్టి అలంకారం.