తుంగమడుగులో ఎవరూ లేరట

మూడు కొండల నడుమ ఇప్పలకోన అనే అడవి ఉండేది. ఆ అడవిలో దుప్పులు, అడవిపందులు, కోతులు, రకరకాల పక్షులు ఉండేవి. వాటన్నిటికంటే ముందునుంచీ తాబేళ్లు ఉండేవి. కొండల మీద పడిన వానంతా జారి వచ్చి అడవి నడుమ ఒక పల్లంలో నిలిచేది. చుట్టూ తుంగ మొలిచేది కాబట్టి దానికి తుంగమడుగు అని పేరు. ఆ పేరు పెట్టింది కూడా తాబేళ్లే.

తాబేళ్లకు ఒక అలవాటు ఉంది. ఎండలు ముదిరి మడుగు ఇంకిపోగానే అవి బురదలోకి దిగి, కాళ్లూ తలా ముడుచుకుని పడుకుంటాయి. పైన మట్టి రాయిలా బిగుసుకుపోతుంది. మళ్లీ తొలివాన పడి మట్టి మెత్తబడితేనే లేస్తాయి. అది బద్ధకం కాదు, వాటి బతుకుతీరే అంత.

పూర్వం ఏటి అవతలి అడవి కాలిపోయినప్పుడు దుప్పులూ పందులూ కోతులూ ఒళ్లంతా బూడిదతో ఇక్కడికి వచ్చాయి. తాబేళ్లు మడుగు ఒడ్డు చూపించి, "నీళ్లు ఎవరి సొత్తూ కాదు, తాగండి" అన్నాయి. అవి తాగాయి, ఉండిపోయాయి, పిల్లాజెల్లాతో పెరిగాయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా. కొన్ని తరాలకు అడవి పెత్తనమంతా శృంగధరుడనే దుప్పి చేతికి వచ్చింది. అతని కొమ్ములు నిజంగానే చాలా పెద్దవి.

మడుగులో కోసి అనే ఆడ తాబేలుకు మాసి అని ఒక అక్క ఉండేది. తల్లి లేని పిల్లలు. ఏటా ఇద్దరూ చిప్పకు చిప్ప ఆనించుకుని పడుకునేవాళ్లు. ఆ ఏడు మాత్రం మాటా మాటా వచ్చింది.

"ఉత్తరం వైపు మట్టి మెత్తగా ఉంది, రావే" అంది మాసి.

"ఏటా పడుకునే చోటు నేను వదలను. నువ్వే రా" అంది కోసి.

అక్క రాలేదు. చెల్లెలు వెళ్లలేదు. ఎవరి పంతం వాళ్లది. కోసి దక్షిణం వైపు ఒంటరిగా మట్టిలోకి దిగింది. పక్కన అక్క చిప్ప తగలక దానికి వారం రోజులు నిద్ర పట్టలేదు. వాన పడగానే వెళ్లి అక్కతో మాట్లాడాలి అనుకుంది. ఆ వాన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కళ్లు మూసుకుంది.

ఒకరోజు పొద్దున్నే పైన అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెంటే మాటలు.

"ఈ పల్లం ఊరికే పడి ఉంది" అన్నాడు శృంగధరుడు. "రాళ్లు పోసి చదును చేద్దాం. అడవి సభ జరుపుకోవడానికి మైదానం కావాలి. నడుమ ఎత్తుగా ఒక గట్టు కడదాం."

ఆ గట్టు మీద ఎవరు నిలబడతారో ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

"ఇక్కడ తాబేళ్లు ఉండాలి కదండీ?" అంది ముట్టెమ్మ. ఆమె అడవిపందుల మందకు పెద్ద.

"ఎక్కడున్నాయి? నాకు కనబడవేం? అయినా పద్ధతి పద్ధతే. దండోరా వేయించండి."

వడ్రంగిపిట్ట ఒక ఎండుమోడు మీద టకటక కొట్టింది. "తుంగమడుగు పూడుస్తున్నారహో. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలహో" అని మూడుసార్లు చాటింది.

కింద కోసి ముడుచుకున్న తల చాపింది. "ఉన్నాం, ఇక్కడే ఉన్నాం" అని అరిచింది. తాబేలు గొంతు ఏపాటిది? అది చిప్ప కూడా దాటలేదు. కాళ్లతో మట్టిని తోసింది. మట్టి కదల్లేదు.

"విన్నారుగా, ఎవరూ లేరు" అన్నాడు శృంగధరుడు. "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు."

"అలాగైతే సగమే పూడ్చాలి కదండీ" అంది ముట్టెమ్మ.

కోతులు కిచకిచ నవ్వాయి. శృంగధరుడు నవ్వలేదు. మర్నాడే పని మొదలైంది.

ఉత్తరం వైపు కోతులు కొండరాళ్లు మోసుకొచ్చి పోశాయి. నడుమ గట్టు లేచింది. దక్షిణం వైపు ఎగుడుదిగుళ్లు తవ్వి చదును చేసే పని పందులది. మూడోనాడు ముట్టెమ్మ ముట్టె దేనికో ఠక్కున తగిలింది. రాయి అనుకుని పెళ్లగించింది. ఆ రాయి తల బయటపెట్టి, ఎండకు కళ్లు చికిలించింది.

"ఎవరమ్మా నువ్వు?"

"కోసిని. మా అక్క ఏది?"

"మీరంతా ఈ మట్టిలోనే ఉన్నారా?"

"ఇంకెక్కడికి పోతామమ్మా? ఇక్కడ ఎక్కడ తవ్వినా మావాళ్లే."

ముట్టెమ్మ వెంటనే తవ్వకం ఆపించింది. కోసిని వీపు మీద ఎక్కించుకుని శృంగధరుడి దగ్గరికి తీసుకెళ్లింది.

"అయ్యా, మైదానం వద్దని నేను అనట్లేదు" అంది కోసి. "తొలివాన దాకా ఆగండి. మావాళ్లు లేస్తారు. అప్పుడు అడగండి, మాకు తోచింది చెబుతాం. మీరు రాళ్లు పోసిన చోట మా అక్క పడుకుని ఉంది."

"దండోరా వేసినప్పుడు ఏం చేస్తున్నావు?"

"జవాబు చెప్పాను. మీకు వినబడలేదు."

"వినబడని జవాబు జవాబెలా అవుతుంది?" అన్నాడు శృంగధరుడు. "ఒక్క తాబేలు కోసం అడవంతా ఆగదు. కొండ మీద రాతిగుంట ఉంది, నడివేసవిలో కూడా నీళ్లుంటాయి. దీన్ని అక్కడ దింపండి. మిగతావి లేస్తే వాటికీ అక్కడే చోటిద్దాం. వీళ్లకు కావాల్సింది నీళ్లే కదా."

ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే. పూర్వం దాహంతో వచ్చిన తాత ఎవరో, దారి చూపిన అవ్వ ఎవరో అతనికి గుర్తు లేదు.

"అయితే నా మంద ఇక ఒక్క పెళ్ల కూడా కదపదు" అంది ముట్టెమ్మ. మందను తీసుకుని వెళ్లిపోయింది. అలా దక్షిణం వైపు పని ఆగిపోయింది. ఉత్తరం వైపు కోతులు ఇంకా రాళ్లు పోస్తూనే ఉన్నాయి.

కోతులు కోసిని ఎత్తుకెళ్లి రాతిగుంటలో దింపాయి. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. కానీ అడుగున బురద లేదు, ఒడ్డున తుంగ లేదు. గోళ్లు ఆనించిన ప్రతిచోటా రాయే. మడుగు బురదలో ఒక వాసన ఉంటుంది. దానికోసం కోసి ముక్కు వెతికేది, దొరికేది కాదు.

అక్కడినుంచి చూస్తే మడుగంతా కనబడేది. రోజూ కోసి అంచుకు వచ్చి కూర్చునేది. ఆ తెల్లటి రాళ్ల కింద అక్క ఎక్కడ ఉండి ఉంటుందో కళ్లతో కొలిచేది. "రావే" అన్న గొంతు చెవుల్లో మెదిలేది. ఆ రోజు వెళ్లి ఉంటే? వెళ్లి ఉంటే తనూ రాళ్ల కిందే ఉండేది. అయినా అక్క పక్కన ఉండేది. ఆ రెండిటిలో ఏది నయమో ఎంత ఆలోచించినా కోసికి తేలలేదు. అక్క మీద బెంగతో దానికి తిండి కూడా సయించలేదు.

కొన్నాళ్లకు గాలి మారింది. వాన ఇంకా దూరంగా ఉండగానే తాబేలుకు తెలుస్తుంది. కోసి గుంట దాటి కొండ దిగడం మొదలుపెట్టింది. కోతులు పూటలో తెచ్చిన దారి దానికి నాలుగు రోజులు పట్టింది. రెండుసార్లు వెల్లకిలా పడింది. తంటాలు పడి బోర్లా తిరిగి, మళ్లీ నడిచింది.

అది కిందికి చేరేసరికి తొలి చినుకులు పడుతున్నాయి. కొత్త మైదానంలో ఆ రోజే తొలి సభ. శృంగధరుడు గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నాడు. చినుకులు వాన అయ్యాయి. మూడు కొండల నీళ్లూ తమకు తెలిసిన దారినే పల్లంలోకి దిగాయి.

దక్షిణం వైపు మట్టి మెత్తబడింది. ఒక తల లేచింది. తర్వాత పది, ఇరవై, నలభై. ఎవరూ లేరన్న చోట నలభై తాబేళ్లు తలలెత్తి చూస్తుంటే దుప్పులు సిగ్గుతో వెనక్కి జరిగాయి.

ఉత్తరం వైపు ఒక్క తలా లేవలేదు. నానిన బురదలోకి రాళ్లు కుంగాయి. గట్టు ఉత్తరం పక్కకు ఒరిగింది. శృంగధరుడు జారిపడ్డాడు. ఒక కొమ్ము రాళ్ల మధ్య విరిగింది. కాళ్లు నాలుగూ కడుపు దాకా ఊబిలో దిగబడ్డాయి. తన్నుకునే కొద్దీ ఇంకా దిగిపోతున్నాడు. కోతులు చెట్లెక్కేశాయి.

"ఎవరైనా దారి చూపండి" అన్నాడు. ఈసారి ఆ గొంతులో పెత్తనం లేదు.

కోసి ఈదుకుంటూ అతని దగ్గరికి వెళ్లింది. "కాళ్లు ఆడించకండి. మెల్లగా ఎడమకు తిరగండి. అక్కడ తుంగవేళ్లు అల్లుకుని ఉన్నాయి, మిమ్మల్ని మోస్తాయి."

అతను అలాగే చేశాడు. వేళ్లు మోశాయి. ఒడ్డుకు చేరి, రొప్పుతూ అడిగాడు.

"నేను నీకు అంత చేశానే. నన్నెందుకు కాపాడావు?"

"మీరున్న చోటు కింద మా అక్క ఉందయ్యా. మీరు తన్నుకుంటే తనకు తగులుతుంది."

శృంగధరుడు తల దించుకున్నాడు. ఆ తల మళ్లీ పెత్తనానికి లేవలేదు.

అడవంతా కలిసి ఏడు రోజులు రాళ్లు తీసింది. శృంగధరుడు కూడా మిగిలిన ఒక్క కొమ్ముతో రాళ్లు దొర్లించాడు. కింద నుంచి పదకొండు తాబేళ్లు వచ్చాయి. కొన్నిటి చిప్పలు పగిలి ఉన్నాయి. తల లేచిన ప్రతిసారీ కోసి పరుగున వెళ్లి మొహం చూసేది. మాసి రాలేదు.

అడవి ముట్టెమ్మను పెద్దగా ఎన్నుకుంది. ఇక మీదట తాబేళ్లు మేలుకుని ఉండే వానాకాలంలోనే, మడుగు ఒడ్డునే సభ జరగాలని, తొలి మాట వాటిదేనని ఆమె కట్టుబాటు చేసింది. తుంగ మళ్లీ ఒత్తుగా మొలిచింది. తవ్వుకున్నన్ని తుంగగడ్డలు దొరికి పందుల మంద వృద్ధిలోకి వచ్చింది. ఎక్కడ తవ్వచ్చో, ఎక్కడ తవ్వకూడదో తాబేళ్లే దగ్గరుండి చూపేవి.

ఆ మొదటి వానాకాలం సభలో ముట్టెమ్మ బురదలోనే కూర్చుని అడిగింది.

"కోసీ, ఉత్తరం వైపు అంతా గుంటలు పడి ఉంది. దాన్ని ఏం చెయ్యమంటావమ్మా? నువ్వెలా చెబితే అలా చేద్దాం."

కోసి ఉత్తరం వైపు గుంటలన్నీ ఒక్కొక్కటే చూసి వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. వానలో తడుస్తూ అన్నీ ఆగాయి.

"పూర్వం ఎలా ఉందో అలాగే చెయ్యండి" అంది కోసి చివరికి. "లేచి వచ్చిన రోజున మా అక్క చోటు గుర్తుపట్టాలి కదా."

నీతి: ఒక చోటును మార్చే ముందు, అక్కడ తరతరాలుగా బతుకుతున్నవాళ్లను వాళ్లు జవాబు చెప్పగల వేళకు వెళ్లి అడగాలి. వాళ్ల మాట మనకు వినబడనంత మాత్రాన వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు.