ఈరమ్మ పెద్దమ్మ ఇచ్చిన మందు

అనగనగా ఒక అడవిలో, పొద్దున లేస్తే మేత, పొద్దుగూకేదాకా మేత తప్ప మరో ధ్యాస లేని ఏనుగుల మంద ఒకటి ఉండేది. ఆ మందకు పెద్ద పైడమ్మ. ఏ వాగులో ఎప్పటిదాకా నీళ్ళుంటాయో, ఏ కొండ మీద ఏ నెలలో చిగురు వేస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆమెకు లేకలేక పుట్టిన కొడుకు భూపాలుడు. పుట్టినప్పుడే తోటి గున్నలకంటే జానెడు ఎత్తున్నాడని మురిసిపోయి ఆమే ఆ పేరు పెట్టుకుంది. పెట్టినందుకు వాడు నిజంగానే తనను రాజనుకున్నాడు.

రాజుగారికి గడ్డి నచ్చదు. వెదురు గరుకు. చెట్టు బెరడు చేదు. అడవి అంచున బెల్లం వండే గానుగ ఒకటి ఉండేది. అక్కడి మనుషులు బెల్లం మడ్డి, చెరుకు పిప్పి గట్టు కింద పారబోసేవారు. భూపాలుడు అది మరిగాడు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, మూడేళ్ళు అదే వాడి మేత.

"ఒరే నాయనా, పది రకాలు తినరా, కడుపు చల్లగా ఉంటుంది" అనేది తల్లి.

"తియ్యగా ఉన్నది వదిలి చేదు తినమంటావేంటమ్మా?" అనేవాడు వాడు.

నాలుగో ఏడు వచ్చేసరికి వాడికి కడుపునొప్పి మొదలైంది. మామూలు నొప్పి కాదు. పేగులను పట్టి మెలిపెట్టినట్టుండేది. రోజుకు పదిసార్లు విరేచనాలు, అందులో జిగట, జిగటలో నెత్తురు. తింటే నొప్పి, తినకపోతే నీరసం. నెల తిరక్కుండానే పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాడు. ఏనుగు పక్కటెముకలు లెక్కపెట్టగలిగామంటే, పిల్లలూ, ఆ ఏనుగు సంగతి ఏమైనట్టో మీరే చెప్పండి.

అప్పుడే ఎండలు ముదిరాయి. వాగులో నీళ్ళు మోకాలి నుంచి కాలిగోళ్ళ దాకా దిగిపోయాయి. కొండ కనుమ దాటి అవతలి ఏటి ఒడ్డుకు మంద వలస పోవాలి. నెలలోపు పోకపోతే పాలు తాగే గున్నలు దప్పికకు బతకవు. భూపాలుడు చూస్తే పది అడుగులు వేసి పడిపోతున్నాడు. మందను నడిపించాలా, కొడుకు పక్కన కూర్చోవాలా? పైడమ్మకు ఏమీ పాలుపోలేదు. ఒకనాడు తల్లి చాటుగా కన్నీరు పెట్టుకోవడం వాడు చూశాడు. అప్పుడు మొదటిసారి వాడికి భయం వేసింది.

ఆ అడవిలో నాంచారమ్మ అనే ముసలి చెవులపిల్లి వైద్యం చేసేది. ఏనుగు గోరంత ఉండేది ఆమె. అయినా పులి కూడా పంటినొప్పి వస్తే ఆమె గుమ్మం ముందు బుద్ధిగా కూర్చునేది. పైడమ్మ కబురు పెట్టగానే ఆమె వచ్చింది. వాడి నాలుక చూసింది, కడుపుకు చెవి ఆనించి విన్నది, వాడి లద్దెను పుల్లతో కదిపి చూసింది.

"పైడమ్మా, కడుపంటే ఉత్త సంచి కాదు. కంటికి కనపడనంత చిన్న జీవాలు కోట్లకు కోట్లు అందులో కాపురం ఉంటాయి. మనం తిన్న గడ్డిని అరిగించేది అవే, పేగు గోడను కాచేదీ అవే. వీడి కడుపులో ఆ ఊరు సగం ఖాళీ అయిపోయింది. మిగిలినవాళ్ళు కొట్టుకు చస్తున్నారు. ఆ మంటకు వీడి ఒంటి కాపలాదారులే రెచ్చిపోయి సొంత పేగునే కొరుకుతున్నారు."

"అయితే నా బెల్లమే చేసిందా ఇదంతా?" అని గొణిగాడు భూపాలుడు.

"అదొక్కటే అని నేను చెప్పను. బెల్లం ముఖం చూడనివాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది. ఎందుకు వస్తుందో నాకు పూర్తిగా తెలియదు. కానీ బెల్లం దీనికి మేలు మాత్రం చెయ్యలేదు."

తెలియనిది తెలియదని చెప్పే వైద్యురాలిని వాడు అంతకుముందు చూడలేదు. ఆ మాటతోనే ఆమె మీద సగం గురి కుదిరింది.

"మరి మందేమిటవ్వా?"

"మంచి ఆరోగ్యం ఉన్న ఏనుగు లద్దె."

భూపాలుడు తొండం పైకెత్తేశాడు. "ఛీ! నేను తినడమా? నేనెవరనుకున్నావు?"

"నువ్వెవరో మీ అమ్మనడుగు. ఆరు నెలల గున్నగా ఉన్నప్పుడు ఆమె వెనకే తిరిగి చక్కగా తిన్నావు. గున్నలన్నీ తింటాయి. కడుపులో ఊరు కట్టుకునేది అలాగే. మా జాతి సంగతి అడగనే వద్దు, మేం బతికినన్నాళ్ళూ మా పెంటికలు మేమే తింటాం. సిగ్గుపడితే ఈ పాటికి చెవులపిల్లి అనేదే ఉండేది కాదు."

పైడమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. నెలరోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. తల్లి నవ్వు చూసి వాడు మెత్తబడ్డాడు.

"సరే. ఎవరిదైతే ఏం, తొందరగా కానివ్వు" అన్నాడు.

"ఎవరిదైతే ఏం అంటే కుదరదు. ఎవరిది పడితే వాళ్ళది మింగితే ఉన్న రోగానికి కొత్త రోగం తోడవుతుంది. ముందు నేను పరీక్ష చెయ్యాలి" అంది నాంచారమ్మ.

మొదట దంతప్ప వచ్చాడు. మూడు మూరల దంతాలు, కొండలాంటి ఒళ్ళు. "నాకంటే ఆరోగ్యం ఎవరికుంది?" అన్నాడు ఛాతీ విరుచుకుని. నాంచారమ్మ అతని లద్దె వాసన చూసింది. "నువ్వూ గానుగ దగ్గరికి పోతున్నావు కదూ?" అంది. దంతప్ప దంతాలు దించుకుని వెళ్ళిపోయాడు.

తరువాత లచ్చుమక్క వచ్చింది. ఒళ్ళు నల్లగా నిగనిగలాడుతోంది. నాంచారమ్మ పుల్లతో కదిపి, "అమ్మా, నీకు నులిపురుగులున్నాయి. నీకే మందివ్వాలి, రేపు రా" అంది.

ఆఖరికి ఈరమ్మ పెద్దమ్మ వచ్చింది. పైడమ్మకు అక్క. చిన్నప్పుడెప్పుడో గోతిలో పడి ఎడమ వెనక కాలు వంకరపోయింది. మంద నడిస్తే ఎప్పుడూ ఆఖరిది ఆమే. ఆమె నడక చూసి గున్నలన్నీ నవ్వేవి, భూపాలుడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

నాంచారమ్మ ఆమె లద్దెను చాలాసేపు చూసింది. "వెదురు, మద్ది బెరడు, ఉసిరి ఆకు, దర్భ వేరు, నేరేడు గింజ... ఇన్ని రకాలు ఎలా తింటావమ్మా?"

"వెనకపడిపోతాను కదమ్మా. ముందువాళ్ళు మంచివన్నీ తినేశాక మిగిలింది తింటాను. అందులో ఇదీ అదీ అని వంక పెట్టేదేముంది?" అంది ఈరమ్మ.

"నువ్వే కావాలి" అంది నాంచారమ్మ.

మరునాటి నుంచి వైద్యం మొదలైంది. నాంచారమ్మ తాజా లద్దెను ఊట నీళ్ళలో కలిపి, పీచు తీసేసి, చిక్కటి ముద్ద మోదుగాకులో చుట్టి మింగించింది. రుచీ తెలియలేదు, వాసనా తెలియలేదు. రోజు విడిచి రోజు, మూడు ముద్దలు. దానితోపాటు పథ్యం. ముందు మెత్తటి అరటి దూట, లేత గడ్డి. నొప్పి తగ్గేకొద్దీ ఒక్కొక్క ఆకు, ఒక్కొక్క బెరడు. గానుగ వైపు మాత్రం కన్నెత్తి చూడకూడదు.

"ఇది నారు నాటడం లాంటిది. ముద్ద మింగితే నారు పడినట్టు. ఆ నారు బతకాలంటే దానికి కావలసిన మేత నువ్వు తినాలి. ఒట్టి నారుతో పంట పండదు" అంది.

రెండో ముద్దకే నెత్తురు తగ్గింది. మూడో ముద్దకు వాడు వాగుదాకా నడిచాడు. మంద అంతా సంబరపడింది. పైడమ్మ ఆ రోజు కడుపునిండా మేసింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ముసలివాళ్ళంతా నీడలో కునుకు తీస్తున్నారు. గాలి గానుగ వైపు నుంచి తిరిగింది. బెల్లం పాకం వాసన! భూపాలుడి నోట్లో నీళ్ళూరాయి. 'తగ్గిపోయింది కదా. ఒక్క బుక్క తింటే ఏమవుతుంది?' అనుకున్నాడు. ఒక్క బుక్క రెండైంది, రెండు పదైంది.

సాయంత్రానికి నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. నెత్తురూ వచ్చింది.

"ఏం తిన్నావు?" అని అడిగింది నాంచారమ్మ.

"ఏమీ లేదు."

"ఏం తిన్నావు బాబూ?"

"గడ్డే తిన్నాను."

మూడోసారి అడగలేదామె. వాడి తొండం చివర వాసన చూసింది. తిట్టలేదు, తల్లికి చెప్పలేదు. "నారు పోయింది. మళ్ళీ నాటాలి. ఈరమ్మను మళ్ళీ అడగాలి" అంది.

భూపాలుడికి ఉక్రోషం వచ్చింది. "అడిగితే ఏం పోయింది? ఆమె ఎలాగూ వేసే లద్దే కదా. ఆమెకేం కష్టం?"

"రేపు పొద్దున నాతో రా" అంది చెవులపిల్లి.

తెల్లవారాక వాణ్ణి మెల్లగా నడిపించుకుని కొండ మొదట్లో ఒక రాతి చాటుకు తీసుకెళ్ళింది. వాడు తొంగి చూశాడు.

ఈరమ్మ కొండ ఎక్కుతోంది. కింద ఎండకు మేతంతా మాడిపోయింది. పచ్చదనం పైనే ఉంది. వంకర కాలు రాళ్ళ మీద ఆనడం లేదు. మూడు కాళ్ళు పైకి వేసి, నాలుగోది ఈడ్చుకుంటోంది. రెండు అడుగులకు ఒకసారి ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. దారిలో ముగ్గిన పనసపండు రాలి ఉంది. పనసపండంటే ఆమెకు ప్రాణం. ఆగింది, వాసన చూసింది, తొండంతో మెల్లగా పక్కకు నెట్టి పైకి సాగింది. పైన ఉసిరి కొమ్మ విరుస్తూ తనలో తను అనుకుంటోంది: "ఇది వాడి కడుపుకు చలవ. ఆ మద్ది బెరడు కూడా తినాలి. లేకపోతే ముద్దలో సత్తువుండదు."

"పథ్యం నీకు మాత్రమే చెప్పాననుకున్నావా?" అంది నాంచారమ్మ నెమ్మదిగా. "ఆమెకు నేను చెప్పనే లేదు. తనంతట తానే మొదలుపెట్టింది. ఇవాళ్టికి ఏడు రోజులు."

భూపాలుడు ఆ వంకర కాలునే చూశాడు. ఈ కాలును చూసి తను ఎన్నిసార్లు నవ్వాడు! చాటున ఉండలేకపోయాడు. వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"పెద్దమ్మా, నేను బెల్లం తిన్నాను. నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశాను."

ఈరమ్మ వాడి నుదురు తొండంతో నిమిరింది. "తిన్నావా? వయసలాంటిది నాయనా. చెప్పావు, అది చాలు. నాకు ఇంకా కొండా ఉంది, కాళ్ళూ ఉన్నాయి. మళ్ళీ మొదలుపెడదాం."

అంత గొప్ప మనసు ముందు వాడికి తను మొదటిసారి చిన్నగా కనిపించాడు. ఆ చిన్నతనం వాడికి మేలే చేసింది. వెంటనే తల్లి దగ్గరికి వెళ్ళి జరిగింది తానే చెప్పుకున్నాడు.

మళ్ళీ మూడు ముద్దలు. ఈసారి గాలి ఎటు తిరిగినా వాడు ముక్కు తిప్పలేదు. చేదు బెరడు నమిలాడు, గరుకు వెదురు నమిలాడు. "ఈసారీ పని చెయ్యకపోతే?" అని ఒకరోజు భయపడుతూ అడిగాడు.

"చెయ్యకపోవచ్చు. అందరికీ చెయ్యదు" అంది నాంచారమ్మ. "అప్పుడు ఇంకో దారి వెతుకుతాను. నేను వైద్యురాలిని, మంత్రగత్తెను కాను. వదిలిపెట్టి మాత్రం పోను."

ఆమె పోలేదు. రోజూ వచ్చి కడుపుకు చెవి ఆనించి వినేది. ఒక వారం ఏ మార్పూ లేదు. రెండో వారం నెత్తురు ఆగింది. మూడో వారం పక్కటెముకల మీద కాస్త కండ పట్టింది. నాంచారమ్మ చాలాసేపు విని, "ఊరు నిండుతోంది" అంది. ఆ మాటకు పైడమ్మ ఆ చిన్న ప్రాణికి తొండం వంచి దండం పెట్టింది.

"జబ్బు పూర్తిగా పోయినట్టేనా అవ్వా?" అన్నాడు భూపాలుడు.

"పోలేదు. పడుకుంది. నువ్వు లేపకు. పథ్యం వదలకు, నొప్పి వస్తే దాచకు."

వాగు ఎండిపోవడానికి రెండు రోజుల ముందు మంద కదిలింది. పైడమ్మ ముందు నడిచింది. కనుమ దారి నిట్టనిలువు. గున్నలు తల్లుల తోకలు పట్టుకుని ఎక్కాయి. దంతప్ప రొప్పుతూ ఎక్కాడు. భూపాలుడు కూడా ఎక్కాడు. పైకి చేరి వెనక్కి చూస్తే, అందరికంటే కింద, ఎండలో ఒంటరిగా ఈరమ్మ. కాలు జారుతోంది. నిలబడింది, మళ్ళీ జారింది.

భూపాలుడు ఎక్కినంత దారీ మళ్ళీ దిగాడు. ఆమె వెనక్కి వెళ్ళి, నుదురు ఆమె నడుముకు ఆనించి, మెల్లగా పైకి నెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క రాయీ దాటించాడు. ఎక్కడా తొందరపెట్టలేదు.

కనుమ మీదికి చేరాక ఈరమ్మ ఊపిరి తీసుకుని వాడి వైపు ఆశ్చర్యంగా చూసింది. "మొన్నటిదాకా లేవలేనివాడివి. నీకింత బలం ఎక్కడిదిరా నాయనా?"

"నీదే పెద్దమ్మా" అన్నాడు భూపాలుడు.

నీతి: ఒకరి మంచితనం మందై మనలోకి వస్తుంది, దాన్ని వినయంగా తీసుకుని, నోరు కట్టుకుని కాపాడుకుంటేనే అది ఆరోగ్యమవుతుంది.