పడవ ఉన్న పలక

కృష్ణ ఒడ్డున ఒక ఆరామంలో నాగసిరి అనే యువ భిక్షువు ఉండేవాడు. స్తూపం చుట్టూ నిలిపే రాతిపలకల మీద, శిల్పులు ఉలి పెట్టకముందే, బొమ్మ గీసి ఇవ్వడం అతను నేర్చుకుంటున్న పని. నేర్పేది అక్కడి పెద్ద భిక్షువు, చందముఖ స్థవిరుడు.

నేర్చుకునేకొద్దీ నాగసిరికి అయోమయం పెరిగింది. బొమ్మ రెండు పక్కలా తూగాలని గురువు ఒకరోజు అన్నాడు. అలాగే గీస్తే, అంతా సమంగా ఉంటే ప్రాణం ఉండదన్నాడు. ఖాళీలు నింపితే, ఖాళీని కూడా గీయాలన్నాడు. వీటిలో ఏది పట్టుకోవాలో, ఏది వదలాలో అతనికి తెలియలేదు.

అంతలో పడవవాళ్ళు, వరదలో పోయిన తమవాళ్ళ పేరున ఒక పలక ఇచ్చారు. నాగసిరి దానిమీద ఎర్రటి జేగురు మట్టితో బొమ్మ గీశాడు. సరిగ్గా నడుమ పడవ. అటు ఎన్ని అలలో ఇటూ అన్నే. చేపలు, మబ్బులు, అంచున తామరలు. ఉలి పడితే ఇక దిద్దడానికి ఉండదు. అందుకని గురువును చూడమన్నాడు.

స్థవిరుడు పలక వైపు చూడలేదు. శిష్యుణ్ణి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి, బొమ్మకు అడ్డం రాకుండా పలక పక్కన, దానికి వీపు పెట్టి కూర్చోబెట్టాడు.

"బొమ్మను చూడకు. చూసేవాళ్ళను చూడు."

ధర్మం వినడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పలక ముందు ఆగారు. వాళ్ళ కళ్ళు చేపల మీద పడ్డాయి, మబ్బుల మీదికి పోయాయి, తామరల దగ్గర జారిపోయాయి. బాగుందని చెప్పి వెళ్ళారు. ఆ వరదలో కొడుకును పోగొట్టుకున్న ముసలామె ఒకతె మాత్రం చాలాసేపు నిలబడింది. తిరునాళ్ళలో తప్పిపోయిన మనిషి కోసం వెతుకుతున్నట్టు ఆమె కళ్ళు అంతటా తిరిగాయి.

"అయ్యా, మావాడి పడవ ఇందులో ఉందా?" అని మెల్లగా అడిగింది.

నాగసిరి లేచి చూపించాడు. ఉందిలే నాయనా అంటూ, ఆమె అతన్నే ఓదారుస్తున్నట్టు తలూపింది.

ఆమె వెళ్ళాక అతను పలకంతా కడిగేశాడు. ఎలా గీయాలో ఇంకా తెలియదు. పడవను చిన్నది చేసి, వాల్చి, ఒక అంచుకు నెట్టాడు. నీటి గీతలన్నీ అటే పరుగెత్తించాడు. రెండో పక్క ఏమీ గీయకుండా చెయ్యి ఆపేశాడు. ఆపింది ధైర్యమో భయమో అతనికే తెలియలేదు.

మళ్ళీ ధర్మం చెప్పే రోజు వచ్చింది. ముసలామె చూపు ఉత్త రాతి మీద మొదలై, నీటి వెంట పోయి, పడవ దగ్గర ఆగిపోయింది. ఆమె బాగుందని అనలేదు. అక్కడే, పలకలో ఏమీ గీయని పక్కకు ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది.

నాగసిరి గురువు దగ్గరకు వెళ్ళాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"భంతే, ఒక పక్కంతా ఖాళీగా ఉంది. ఇది తూగుతుందా?"

స్థవిరుడు ముసలామె వైపు చూశాడు.

"ఖాళీ ఎక్కడుంది? ఆమె కూర్చుంది కదా."