శాస్త్రి చేతిలో రెండు రిమోట్ బండ్లు

ఎర్రగుట్ట సంస్థానం రాజా సూరపదేవు గారికి అరవై నాలుగో ఏట రిమోట్ కారు మీద మనసైంది.

రాజ్యం ఎప్పుడో పోయింది. మిగిలినవి కోట, కోట వెనక రాళ్లగుట్ట, రోజూ పొద్దున్నే జరిగే కొలువు. ఆ కొలువులో రాజావారు తాము టీవీలో చూసిన వింత చెప్పారు. ఎవరో ఒకాయన చేతిలో రిమోట్ పట్టుకుని, బ్యాటరీతో నడిచే చిన్న బండిని రాళ్ల మీద, ఇసుకలో, బురదలో పరుగెత్తించాడట. మోకాళ్ల నొప్పులతో తాము ఎక్కలేని గుట్టని తమ బండైనా ఎక్కాలని రాజావారి కోరిక.

"నాకిది మొదటి బండి. ఎలాంటిది కొనాలో తెలీదు. దివాను గారొకటి, శాస్త్రి ఒకటి తెండి. ఆదివారం పరీక్ష పెడదాం. మంచి బండి తెచ్చినవారికి సన్మానం" అన్నారు.

దివాను అంటే కోదండపాణి. ఉద్యోగం ఎస్టేటు మేనేజరే గాని, దివాను గారూ అంటే తప్ప పలికేవాడు కాదు. శాస్త్రి అంటే పేరిశాస్త్రి, రాజావారికి రోజూ పేపరు చదివి వినిపించే మనిషి. కంటి ఆపరేషనై రాజావారే పేపరు చదువుకోవడం మొదలెట్టాక ఆయనకి పని లేకుండా పోయింది. నెలాఖరుకి శాస్త్రిని సాగనంపుదామని కోదండపాణి కాగితం రాసి, సంతకం కోసం జేబులో పెట్టుకు తిరుగుతున్న సంగతి రాజావారితో సహా కోటంతటికీ తెలుసు.

అందులో అన్యాయమేమీ శాస్త్రికి కనబడలేదు. దివాను స్థానంలో తనున్నా అదే కాగితం రాసేవాడు. కాకపోతే తను దాని మీద సిరా ఒలకబోసి ఉండేవాడు.

ఎందుకంటే శాస్త్రి చేతులు అలాంటివి. గొడుగు తెరిస్తే ఊచలు బయటికొచ్చేవి. కుళాయి తిప్పితే పిడి చేతికొచ్చేది. వంటింట్లో మిక్సీ తిరుగుతున్నంతసేపూ ఆయన్ని గడప దాటనిచ్చేవారు కాదు.

ఆ చేతులతోనే విశాఖపట్నం వెళ్లాడు. దుకాణం నడిపే నూర్జహాన్ గారు ఎక్కడ నడుపుతారు, ఎవరు నడుపుతారు అని అడిగింది. రాళ్ల మీద, ఏమీ తెలియనివాళ్లు అని చెప్పాడు శాస్త్రి. ఆవిడ లావు టైర్లున్న బండి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఇది మరీ వేగం పోదు, నీళ్లలో పడ్డా పాడవదు, ఏ భాగం విరిగినా మా దగ్గరే దొరుకుతుంది అని వివరించింది. శాస్త్రికి సగం కూడా అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపుతూ ఇటు తిరిగాడు. మోచేయి తగిలి బండి కిందపడి రెండు పల్టీలు కొట్టింది.

ఆవిడ తీసి స్విచ్ వేసింది. బండి నడిచింది.

"ఇంకేం చెప్పకండమ్మా, ఇదే కట్టివ్వండి" అన్నాడు శాస్త్రి.

ఇక్కడ కోదండపాణి తన బండిని విమానంలో తెప్పించాడు. గంటకి డెబ్బై మైళ్లట. దాన్ని వారం రోజులు పెరట్లో నడిపి చేతికి అలవాటు చేసుకున్నాడు.

ఆదివారం అందరూ గుట్ట కింద చేరారు. గుట్ట మీది తెల్ల బండరాయి దాకా వెళ్లి తిరిగి రావాలని పందెం. కోదండపాణి రిమోట్ అందుకోబోతుంటే శాస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాధన చేసిన చేతుల్లో ఏ బండైనా బాగానే నడుస్తుందని, ఇది మొదటిసారి పట్టుకునేవారి కోసం గనక అలవాటు లేని మనిషొకడే రెండు బండ్లూ నడపాలని మనవి చేసుకున్నాడు.

"అలాంటివాడు ఎవరున్నారు?" అని రాజావారు అడిగారు.

"నాకంటే మొద్దు చేతులవాడు ఎవరైనా ఉంటే నేను తప్పుకుంటాను ప్రభూ."

కోదండపాణికి ఇంతకంటే సంతోషకరమైన మాట ఆ ఏడాది వినబడలేదు. "నిజం ప్రభూ. ఇంతకు మించిన మొద్దు చేతులు సంస్థానంలో లేవు. దీనికి పూచీ నాది" అని పదిమంది ముందు చెప్పి, విరిగిన గోడ గడియారం మొదలు ఊడిన తలుపు గడియ దాకా వరసగా ఏకరువు పెట్టాడు. ఆయన గడియ దగ్గరికొచ్చేసరికి రాజావారు ఆయన రిమోట్ తీసి శాస్త్రి చేతిలో పెట్టారు.

దివాను గారి బండిని జాగ్రత్తగా నడపాలనే శాస్త్రి అనుకున్నాడు. వేలు ఆనించాడంతే. బండి బాణంలా వెళ్లి ఎదురుగా ఉన్న రాయిని కొట్టుకుంది. ఒక చక్రం దొర్లుకుంటూ వచ్చి కోదండపాణి కాళ్ల దగ్గర ఆగింది.

తన బండిని శాస్త్రి అంతకంటే బాగా ఏమీ నడపలేదు. అదీ అదే రాయిని కొట్టుకుంది. బోర్లా పడితే వంటాయన వెళ్లి సరిచేశాడు. గుట్ట పక్క కాలవలో దిగింది, లేచింది, మూడుసార్లు పల్టీ కొట్టింది. ఎలాగో తెల్ల బండ తాకి తిరిగొచ్చింది.

"తప్పు నా బండిది కాదు ప్రభూ, నడిపినవాడిది" అన్నాడు కోదండపాణి.

"చిత్తం దివాను గారూ. ఈ చేతులకి పూచీ ఇచ్చింది తమరే. వీటిలో పడి బతికిన బండి ఇంకెవరి చేతిలోనూ చావదు."

రాజావారు కనుబొమలు ముడిచారు. "అంటే శాస్త్రీ, మొదటిసారి పట్టుకునే నా చేతులూ నీ చేతుల్లాంటివేనా?"

శాస్త్రి చేతులు జోడించాడు.

"అంత మాట అనగలనా ప్రభూ? ఆ స్థానం నాకు పదిమంది ముందు ఖాయమైపోయింది. ఇప్పుడు తమరు కావాలన్నా దొరకదు."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. భుజాన ఉన్న శాలువా తీసి శాస్త్రికి కప్పారు. కోదండపాణి జేబులోని కాగితం అడిగి తీసుకుని చింపేశారు.

"ఇకమీదట కోటలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు శాస్త్రి చేతికివ్వండి. ఆయన దగ్గర్నించి ప్రాణాలతో బయటపడితేనే నా దగ్గరికి తీసుకురండి. ఈ ఉద్యోగానికి జీతం రెట్టింపు" అన్నారు.

కొలువంతా గొల్లున నవ్వింది. ఊడిన చక్రం చేత్తో పట్టుకుని కోదండపాణికీ నవ్వక తప్పలేదు.