మేనమామ తోక

ఇప్పచెట్ల అడవికి ఉత్తరాన ఒక తెల్లకొండ ఉంది. చలికాలం వచ్చిందంటే దాని నెత్తిన మంచు పేరుకుంటుంది. అప్పుడు అడవిలో కాళ్ళున్న ప్రతి జంతువూ ఆ కాళ్ళకి వెదురుబద్దలు కట్టుకుని, కొండవాలు మీదనుంచి సర్రున జారాలని ఉవ్విళ్ళూరుతుంది. పట్నం వెళ్ళొచ్చిన కాకులు దాన్ని స్కీయింగ్ అంటాయి. అడవివాళ్ళకి అంత నోరు తిరగదు, మంచుజారుడు అనేస్తారు. పేరేదైతేనేం, పడితే దెబ్బ తగిలేది ఒకచోటే.

ఆ జారుడులో ఒకప్పుడు గుబురమ్మ అనే ఎలుగుబంటిని మించినవాళ్ళు లేరు. ఆవిడ కొండ మీదనుంచి బయల్దేరిందంటే కింద దుప్పులు మేత మానేసి చూసేవి. తర్వాత పెళ్ళయింది. మొదటి చలికాలం కడుపుతో ఉంది. రెండో చలికాలం ఒళ్ళో చంటివాడున్నాడు. ఇప్పుడు వాడికి నడకొచ్చింది, పళ్ళొచ్చాయి, మొండితనం వాటికంటే ముందే వచ్చింది. పేరు బుడంకాయ.

బుడంకాయకి మాటలింకా పూర్తిగా రాలేదు. "ఒద్దు", "నేనే", "కుచ్చీ" - ఇవే వాడి సరంజామా. కుచ్చీ అంటే రెల్లుపూల కుచ్చు. వాడు పుట్టినప్పుడు తండ్రి బొంతయ్య ఏటి ఒడ్డున కోసుకొచ్చి ఇచ్చాడు. నాకి, నమిలి, మట్టిలో ఈడ్చి, దాని తెలుపు ఎప్పుడో పోగొట్టాడు. అయినా అది పిడికిట్లో ఉంటేనే వాడికి కన్ను మూతపడేది.

"ఏమయ్యా, ఈసారి కొండకి వెళ్దాం," అంది గుబురమ్మ ఒక పొద్దున.

బొంతయ్య చెదలపుట్టలోంచి మూతి తీశాడు. "ముగ్గురమూనా?"

"నలుగురం. నువ్వు, నేను, పిల్లాడు, పిల్లాడి మూట."

"అక్కడ చలే. వాడికి ముక్కు కారుతుంది."

"ఇక్కడ కారట్లేదా?"

బొంతయ్య కొడుకు వంక చూశాడు. కారుతోంది.

"పోనీ, నువ్వు జారేటప్పుడు వాణ్ణెవరు చూస్తారు?"

"నువ్వున్నావుగా."

కిందటి వారం గుబురమ్మ వాగుకెళ్ళి వచ్చేసరికి బొంతయ్య గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, పిల్లాడు చీమలపుట్ట మీద కూర్చుని చీమల్ని తండ్రి చెవిలో వేస్తున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"ఒక్కసారయ్యా," అంది గుబురమ్మ. "కొండ మీదనుంచి కిందిదాకా, వీపు మీద ఎవరూ లేకుండా, ఒక్కటంటే ఒక్కసారి జారాలని ఉంది. వీడు పుట్టినప్పట్నుంచీ నా వీపు నాది కాకుండా పోయింది."

ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీదే మోస్తాయి మరి. మేతకెళ్ళినా, చెట్టెక్కినా, దెబ్బలాటకి దిగినా పిల్లాడు అక్కడే బొచ్చు పట్టుకుని వేలాడుతుంటాడు. బొంతయ్యకి భార్య మాట మనసులో తగిలింది. సరే వెళ్దామన్నాడు గానీ, ఎలా వెళ్ళాలో ఇద్దరికీ పాలుపోలేదు.

సరిగ్గా అప్పుడు పొద వెనకనుంచి నక్క టక్కయ్య దిగాడు.

"ఏం చెల్లెమ్మా, కొండకటగా!"

"నీకెవరు చెప్పారన్నయ్యా?"

"గాలి చెప్పిందమ్మా." చెప్పింది గాలి కాదు, పొద్దున్నుంచీ పొదకి ఆనించి ఉంచిన చెవులు. "మేనమామని నేనొకణ్ణి ఏడ్చానుగా, మీకెందుకు దిగులు? నా మేనల్లుడి మొదటి మంచు నా చేతిమీదుగా జరగాలి! ఏర్పాట్లన్నీ నాకొదిలెయ్యండి."

టక్కయ్యకీ గుబురమ్మకీ ఏ పుట్టలోనూ చుట్టరికం లేదు. గుహలో వెనకవైపు బోలు దుంగనిండా ఎలుగుబంట్లు దాచుకున్న తేనెకీ టక్కయ్యకీ మాత్రం చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఇన్నాళ్ళూ అది ఒకవైపునుంచే నడుస్తోంది.

"చూడు బావా," అన్నాడు టక్కయ్య బొంతయ్య పక్కన చతికిలపడి, "తెల్లారగట్లే బయల్దేరతారు. ఎండెక్కేసరికి వాగు మలుపు దాటతారు. అక్కడ పిల్లాడు నిద్రపోతాడు..."

"వాడు నిద్రపోతాడని నువ్వెలా చెప్తావు?" అడిగింది గుబురమ్మ.

"నిద్రవేళకి నిద్రపోడా ఏంటమ్మా! వాడు పడుకున్నంతసేపూ మీరు నడుస్తారు. కొండ మీద కొండగొర్రె పిన్ని ఉంది. పిల్లల్ని ఆడిస్తుంది. పొద్దున అప్పజెప్పి సాయంత్రం తెచ్చుకోవడమే."

"నేనెళ్ళే రోజుల్లో లేదే?"

"కొత్తగా మొదలెట్టిందిలే. ఎన్నాళ్ళుంటారు?"

"మూడు రోజులు."

"అయ్యయ్యో! పసివాణ్ణేసుకుని అంతదూరం వెళ్ళి మూడు రోజులేంటి? వారం ఉండండి. ఇల్లు నేను కనిపెట్టుకుని ఉంటాగా!"

వారం అన్నప్పుడు టక్కయ్య కళ్ళు ఎటు తిరిగాయో గుబురమ్మ చూడకపోలేదు. కానీ ఆవిడ కళ్ళనిండా అప్పటికే మంచు ఉంది. నమ్మాలని ఉన్నప్పుడు ఎవరైనా ఎక్కువ ప్రశ్నలు వెయ్యరు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. తెల్లారగట్ల ప్రయాణం అనుకున్నారు కదా, ఎండ గుహలోపలికి వచ్చినా ఇంకా గడప దాటలేదు. పిల్లాడికి మూతి తుడవబోతే "ఒద్దు". రేగుపళ్ళు పెడితే "ఒద్దు". తీసేస్తే ఏడుపు. పాదాలకి ఆకులు చుట్టబోతే "నేనే" అని లాక్కుని, చుట్టుకోకుండా తినేశాడు. బొంతయ్య మూట కట్టి, విప్పి, పొడి ఆకులు ఇంకో దోసెడు వేసి, మళ్ళీ కట్టాడు. గుబురమ్మ తన పాత వెదురుబద్దలు వెతికి తీస్తే వాటిలో ఒకదాన్ని పిల్లాడు గుర్రం చేసుకుని దిగనంటాడు.

టక్కయ్యకి ప్రాణం విసిగిపోయింది. వీళ్ళు ఎప్పుడు కదులుతారు, తను ఎప్పుడు దుంగలో మూతి పెడతాడు! మూట తేలికైతే కాళ్ళు త్వరగా కదులుతాయని, తనే అందులో చెయ్యిపెట్టి ఒక్కొక్కటీ తీసి పారెయ్యడం మొదలెట్టాడు.

"ఇదేంటి, ఈ చీపురుముక్క?"

"అయ్యో, అది వాడి కుచ్చు అన్నయ్యా! అది లేందే వాడు పడుకోడు."

"ఎంత కంపు కొడుతోందో చూశావా? కొండ మీద నలుగురూ ఏమనుకుంటారు? ఒకపూట ఏడుస్తాడు, రెండో పూటకి మర్చిపోతాడు. పిల్లల్ని పెంచడం నాకు తెలీదా?"

"నీకు పిల్లలే లేరుగా?" అన్నాడు బొంతయ్య.

"అందుకే బావా, ఇంత నిమ్మళంగా ఆలోచించగలుగుతున్నాను."

తప్పు చేస్తున్నానని గుబురమ్మకి తెలుసు. కానీ పొద్దెక్కిపోతోంది, ఇంకో మాట పెంచితే ఈ ప్రయాణం ఇక్కడే ఆగిపోయేలా ఉంది. కుచ్చుని గుహ ముందు రాతి మీద పెట్టి, పిల్లాణ్ణి వీపుకెక్కించుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. వాళ్ళు చెట్లమాటుకి వెళ్ళగానే టక్కయ్య ఆ కుచ్చుని ముక్కు మూసుకుని వాగు ఒడ్డుదాకా ఈడ్చుకెళ్ళి ఒక్క తన్ను తన్నాడు. అది నీళ్ళలో పడి కొట్టుకుపోయింది.

వాగు మలుపు దాకా అంతా బాగానే సాగింది. అక్కడ బుడంకాయకి నిద్రొచ్చింది. కళ్ళు నులుముకున్నాడు, చెయ్యి చాపాడు.

"కుచ్చీ?"

బొంతయ్య గడ్డిపోచలు తెచ్చి ఇచ్చాడు. "ఒద్దు." నెమలీక తెచ్చాడు. "ఒద్దు." చివరికి తన చెవే అందించాడు. పిల్లాడు దాన్ని కొరికి మరీ "ఒద్దు" అన్నాడు. ఆ తర్వాత మొదలైంది ఏడుపు. చెట్టు మీది పిట్టలన్నీ లేచి వేరే చెట్టు చూసుకున్నాయి.

"లాభం లేదే," అన్నాడు బొంతయ్య చెవి పట్టుకుని. "ఇంటికి పోదాం పద. వచ్చే ఏడు చూసుకోవచ్చు."

గుబురమ్మ తలెత్తింది. తెల్లకొండ ఎండలో మెరిసిపోతూ ఎదురుగానే ఉంది. వచ్చే ఏడు! వచ్చే ఏడుకి ఇంకో చంటివాడు రాడని ఏముంది? ఆవిడకి ఏడుపొచ్చింది. వీపు మీద ఒకడు ఏడుస్తుండగా తనూ మొదలెడితే బాగుండదని ఆపుకుని ఇంటిదారి పట్టింది.

గుహ దగ్గరికి వచ్చేసరికి రాతి మీద కుచ్చు లేదు. లోపల్నుంచి జుర్రుకుంటున్న చప్పుడు వస్తోంది. వెళ్ళి చూస్తే, బోలు దుంగలో టక్కయ్య తల, ముందుకాళ్ళు. బయట వెనకకాళ్ళు, పైకి లేచి హాయిగా ఊగుతున్న తోక.

బొంతయ్య బొచ్చు నిక్కబొడుచుకుంది. "ఓరి నీ..."

ఆ మాట పూర్తికాకముందే ఏడుపు ఆగింది. బుడంకాయ అమ్మ వీపు మీదనుంచి జారి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, ఆ తోకని రెండు పిడికిళ్ళతో పట్టుకుని మొహం అందులో దాచుకున్నాడు.

"కుచ్చీ," అన్నాడు తృప్తిగా. అంతే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఒరిగి నిద్రపోయాడు.

టక్కయ్య మూతినిండా తేనెతో దుంగలోంచి తల తీశాడు. "చెల్లెమ్మా, మీరా! చీమలు పట్టాయేమోనని చూస్తున్నా... అబ్బా, నా తోక!"

"ష్!" అన్నారు ఎలుగుబంట్లిద్దరూ ఒక్కసారే.

"కుచ్చు ఏదన్నయ్యా?" గుబురమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అది... వాగులో పడిపోయిందమ్మా."

"రాతి మీదనుంచి వాగుదాకా తనే నడిచెళ్ళిందా?"

బొంతయ్య పంజా ఎత్తాడు.

"కొట్టకయ్యా, పిల్లాడు లేస్తాడు," అంది గుబురమ్మ. పిల్లాడి వంక చూసింది. తోక వంక చూసింది. తర్వాత గుహ వాకిట్లోంచి కనిపిస్తున్న కొండ వంక చూసింది. పొద్దున్నుంచీ లేని నవ్వు ఆవిడ మొహంలోకి వచ్చింది.

"పద అన్నయ్యా, వెళ్దాం."

"నేనా? నేనెందుకమ్మా?"

"చెల్లెమ్మా అని నోరారా పిలిచావు. మేనల్లుడన్నావు. వాడి మొదటి మంచు నీ చేతిమీదుగా జరగాలన్నావు. మరి మేనమామ లేకుండా ఎలా జరుగుతుంది?"

"ఇల్లు కనిపెట్టుకుని ఉంటానన్నానుగా!"

"దొంగ మాతోపాటే వస్తున్నాడు కదా, ఇంక ఇంటికొచ్చే భయమేంటి?"

తోక విడిపించుకుందామని టక్కయ్య మెల్లగా లాగి చూశాడు. ఎన్ని కొండలెక్కినా అమ్మ వీపు వదలని పట్టు అది, నిద్రలో ఇంకా బిగిసింది. గట్టిగా అరుద్దామా అంటే పక్కనే బొంతయ్య పంజా ఉంది. చేసేదేమీ లేక, తోక మీద పిల్లాణ్ణి మోసుకుంటూ, బొంతయ్య వెనకనుంచి ఒక చెయ్యి సాయం పడుతుంటే, టక్కయ్య తెల్లకొండ ఎక్కాడు.

కొండ మీద కొండగొర్రె పిన్ని నిజంగానే ఉంది.

"పిల్లల్ని ఆడించడమా!" అంది ఆవిడ. "నా పిల్లల్తోనే పడలేక ఇక్కడికొచ్చి దాక్కున్నానమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

గుబురమ్మ టక్కయ్య వంక చూసింది. టక్కయ్య మంచు వంక చూశాడు. వాలు కింద ఒక చదును బండ మీద టక్కయ్య కూర్చున్నాడు, ఒళ్ళో తోక, తోకని పట్టుకుని బుడంకాయ. పక్కన కాపలాకి బొంతయ్య.

గుబురమ్మ ఒక్కతే పైకెక్కింది. కాళ్ళకి వెదురుబద్దలు కట్టుకుంది. ఒళ్ళు జారడం మర్చిపోయిందేమో, బరువెక్కిందేమో, అందరి ముందూ బోర్లా పడతానేమో అని భయమేసింది. అంతలో తన వీపు గుర్తొచ్చింది. దానిమీద ఎవరూ లేరు. చల్లగాలి తప్ప ఏమీ లేదు.

అంతే, వదిలేసింది. సగందాకా బాగానే జారింది. సగంలో నిజంగానే బోర్లా పడింది. లేచి, మూతినిండా మంచుతో పకపకా నవ్వి, మళ్ళీ జారింది. పాత ఒడుపులన్నీ ఒక్కొక్కటే వచ్చేశాయి. కింద దుప్పులు మేత మానేసి చూశాయి. కిందికొచ్చి ఆగేసరికి ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

బుడంకాయ అప్పటికే లేచి అంతా చూశాడు. ఒక చేత్తో తోక పట్టుకుని, రెండో చేత్తో కొండ చూపించి, పుట్టాక ఎన్నడూ అనని మాట అన్నాడు.

"మల్లీ!"

గుబురమ్మకి ఇంకొకరు చెప్పాలా? మళ్ళీ ఎక్కింది. పొద్దువాలేదాకా ఎక్కుతూనే ఉంది.

ఈలోగా బండ దగ్గర చిన్న సందడి మొదలైంది. కుందేలమ్మ పిల్లని చంకనేసుకొచ్చింది. "టక్కయ్యగారూ, మా చిన్నదీ నిద్రకి ఏడుస్తోంది. కాస్త ఒక చివర..." ఆవిడ వెనక కొండగొర్రె పిన్ని, తన పిల్లలందర్నీ వెతికి పోగేసుకుని మరీ వచ్చి నిలబడింది.

సాయంత్రానికి టక్కయ్య తోక కాస్తా ఆ పాత కుచ్చులా తయారైంది.

"చెల్లెమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో, "జారావుగా, ముచ్చట తీరిందిగా. రేపు పొద్దున్నే ఇంటికి వెళ్ళిపోదామా?"

"అయ్యయ్యో!" అంది గుబురమ్మ వెదురుబద్దల మీద మంచు దులుపుకుంటూ. "పసివాణ్ణేసుకుని ఇంతదూరం వచ్చి అప్పుడే వెళ్ళడమేంటన్నయ్యా? వారం ఉండమని నువ్వే చెప్పావుగా!"

అందుకే, పిల్లలున్న ఇంటికి వరస కలుపుకుని వెళ్ళాలనుకునేవాడు ముందు తన తోక ఎన్నాళ్ళు ఆగుతుందో చూసుకోవాలి.