పేరంటాళ్ళ చీరలు

తాయారమ్మగారు ఏ ప్రశ్నకూ కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కారు. అడిగినవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళివచ్చాకే నోరు విప్పేవారు. రామచంద్రపురంలో మధ్యాహ్నం పూట ఆవిడ దగ్గర గీత చదువుకున్న మా అందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే కొన్ని ప్రశ్నలు అడగడానికి జంకేవాళ్ళం.

హైమవతి మాత్రం అడిగింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. నలభై ఇంకా రాలేదు. మేనత్త లలితాంబ గర్భసంచి క్యాన్సరుతో పోయాక, డాక్టరు చెప్పగా రక్తపరీక్ష చేయించుకుంది. తండ్రి వైపు నుంచి దిగివచ్చిన ఒక జన్యువులో లోపం ఉందని తేలింది. అది ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు గానీ, మిగతావాళ్ళకంటే ముప్పు చాలా ఎక్కువనీ, ఇక పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి ముందుగానే తీయించుకునే సంగతి ఆలోచించమనీ డాక్టరు చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళు మండిపడ్డారు. జబ్బు లేని ఒంటిని కోయించుకోవడమేమిటన్నారు.

"నెత్తురులోనే రాసిపెట్టి ఉన్నప్పుడు తెలుసుకుని ఏం లాభం అమ్మగారూ? రాతకు ఎదురుతిరగడం అహంకారం కాదా?" అని హైమవతి అడిగింది.

ఆవిడ పుస్తకం మూసి, మీ ఇంట్లో పేరంటాళ్ళకు చీరలు ఎప్పుడు పెడుతున్నారని అడిగారు. హైమవతి తమ్ముడి పెళ్ళి దగ్గరపడింది. భర్తకంటే ముందు, పసుపుకుంకాలతో పోయిన ఆడవాళ్ళను ఆ ఇంట్లో దేవతలుగా కొలుస్తారు. శుభకార్యానికి ముందు వాళ్ళ పేర కొత్తచీరలు పెట్టి, తరువాత వాటిని ఇంటి ఆడపడుచులకు కట్టబెడతారు.

ఆ రోజున ఆవిడతో మేమూ వెళ్ళాం. హాల్లో వరసగా పీటలు వేసి, ఒక్కో పీట మీద చీరా, గాజులూ, కనకాంబరాల దండా ఉంచారు. హైమవతి పెద్దమ్మ రత్నమాణిక్యం ప్రతి చీరకూ బొట్టు పెడుతూ పేరు పలికింది. ఆ పేర్లన్నీ ఇప్పుడు నాకు గుర్తు రావడం లేదు. చెల్లాయమ్మ, లలితాంబ అన్న రెండు మాత్రం పోనివ్వకుండా పట్టుకున్నాను. ఈ ఇంటి ఆడపడుచుల్లో బొట్టు చెరిగినవాళ్ళు లేరని పెద్దమ్మ వచ్చినవాళ్ళకు గర్వంగా చెప్పుకుంది. తాయారమ్మగారు భర్త పోయిన మనిషి. అందుకని ఆవిడకు గుమ్మం అవతల కుర్చీ వేశారు. ఆవిడ అందులోనే స్థిమితంగా కూర్చున్నారు.

అక్కడినుంచే అడిగారు, వీళ్ళంతా దేనితో పోయారని. ఏదో ఆడవాళ్ళ జబ్బు అంది పెద్దమ్మ. శుభమా అని పీటలేసుకుంటే చావుల మాటలెందుకని కూడా అంది. పోనీ ఏ వయసులో పోయారని ఆవిడ మళ్ళీ అడిగారు. యాభై దాటీ దాటకుండానే, అన్నారెవరో.

అప్పుడు మూలన కూర్చున్న చిననాయనమ్మ సుందరమ్మ నోరు విప్పింది. చెల్లాయమ్మ ఆవిడకు ఆడపడుచు. ముట్టు నిలిచిపోయిన కొన్నాళ్ళకు చెల్లాయమ్మకు మళ్ళీ కనిపించిందట. మా చెల్లాయి మళ్ళీ పెళ్ళికూతురైంది, వాళ్ళాయనకి కబురు పెట్టండర్రా అని వదినలు వేళాకోళమాడారట. ఆమె కూడా సిగ్గుపడి నవ్విందట. ఆ తరువాత నెత్తురు ఆగనే లేదు. బయటికి పొక్కకుండా మంచం కింద పొయ్యిబూడిద పోసేవారట. పోయిననాడు ఊరు ఊరంతా వచ్చి, ముత్తైదువ చావు, ఎంత అదృష్టం అంటూ కాళ్ళకు దణ్ణం పెట్టారట.

రత్నమాణిక్యం చేతిలో కుంకంభరిణ అలాగే ఉండిపోయింది. "లలిత కూడా మళ్ళీ కనిపించిందనే అంది నాతో," అంది మెల్లగా. "ఇంకా వయసుందన్నమాట, మంచిదేగా అన్నాను."

"ఇన్ని చీరలు పెట్టారు. ఇది తలుచుకోవడం కాదు రత్నమాణిక్యం, మరిచిపోవడం," అన్నారు తాయారమ్మగారు.

పీటల ముందు ఎంతసేపని నిలబడతారు. పెద్దమ్మ మొదటి చీర తీసి హైమవతి చేతిలో పెట్టింది. ఏళ్ళతరబడి నోటికి పట్టిన దీవెన దానంతటదే వచ్చేసింది. వాళ్ళలాగే నువ్వూ పసుపుకుంకాలతో, అని మొదలుపెట్టింది.

"చీర తీసుకుంటాను పెద్దమ్మా. సోమవారం ఇదే కట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, ఆపరేషనుకి రోజు పెట్టించుకుంటాను," అంది హైమవతి. "ఆ దీవెన మాత్రం నాకొద్దు."

తన వెంట పరీక్షకు ఎవరొస్తారని అక్కడున్న అక్కచెల్లెళ్ళను అడిగింది. ఈ లోపం మగవాళ్ళకూ దిగుతుంది, వాళ్ళకు పేగుల్లో క్యాన్సరుగా తేలవచ్చు అని చెబితే, పెళ్ళికొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందు నా రక్తం తియ్యమను, పసుపు రాయకముందే అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. లలితాంబ కూతురు లేచి వచ్చి హైమవతి పక్కన నిలబడింది.

హైమవతి చీర పట్టుకుని గుమ్మం దాటి వెళ్ళింది. పెళ్ళిపనుల్లో భర్త పోయిన మనిషి ఎదురైతేనే వెనక్కి తిరిగే ఇల్లు అది. ఆమె ఆ చీరతోనే వంగి తాయారమ్మగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. హైమా, అని పిలిచి పెద్దమ్మ మళ్ళీ ఆగిపోయింది.

తాయారమ్మగారు ఆమె తల మీద చెయ్యి వేశారు. లోపలివాళ్ళకు వినిపించేటట్టే అన్నారు.

"నాలాగా పండుముసలిదానివి కావాలమ్మా నువ్వు."